జ్వరం లేదు కదా, మళ్ళీ రక్తం ఎందుకు? కిడ్నీ మార్పిడి తర్వాత వైరస్ పరీక్షలపై అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఒక వైరాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళ రక్తంలో వైరస్ ఎంత ఉందో కొలవడం మా పని. రిపోర్టులిచ్చే కిటికీ దగ్గర తరచూ వినపడే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నా.

అపోహ: జ్వరం లేదు, ఒళ్ళు బాగుంది. పరీక్ష అక్కర్లేదు.

పలమనేరు నుంచి తొలి బస్సెక్కి వచ్చిన మనిషి ఈ మాట అంటే తప్పు పట్టలేను. కానీ జ్వరం చాలావరకు మన రోగనిరోధక శక్తి వైరస్‌తో చేసే పోట్లాట. కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా వాడే టాక్రోలిమస్ లాంటి మాత్రలు అణచి ఉంచేది ఆ శక్తినే. అందుకే సైటోమెగాలోవైరస్, అంటే సీఎంవీ, చడీచప్పుడు లేకుండా పెరగగలదు. ముందుజాగ్రత్తగా వాల్‌గాన్‌సైక్లోవిర్ అనే సీఎంవీ మందు వాడనివాళ్ళకు మొదటి మూడు నెలలు వారం వారం పీసీఆర్, అంటే రక్తంలో వైరస్ జన్యుపదార్థాన్ని కొలిచే పరీక్ష, రాసేది అందుకే. మార్పిడి చేసిన కిడ్నీని దెబ్బతీసే బీకే వైరస్ ఇంకా గుట్టుగా ఉంటుంది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో పెరిగేదాకా బయటపడకపోవచ్చు. దాని కోసం మొదటి 9 నెలలు నెలనెలా, తర్వాత రెండేళ్ళు నిండేదాకా మూడు నెలలకోసారి పరీక్ష చేయడం మంచి పద్ధతి.

అపోహ: పోయినసారి 800, ఈసారి 1,200. వైరస్ పెరిగిపోయింది!

ఒకాయన రెండు రిపోర్టులూ కిటికీ గట్టు మీద పరిచి, అంకె కింద వేలు పెట్టి అడిగాడు. రాత్రంతా నిద్రపోలేదని మొహమే చెబుతోంది. నిజానికి ఒకే గొట్టంలో రక్తాన్ని రెండుసార్లు పరీక్షించినా అంత తేడా రావచ్చు. ఈ పరీక్షలో కూడికలు, తీసివేతలు పనికిరావు, ఎన్ని రెట్లు అనేదే లెక్క. సుమారు మూడు రెట్లు మారితేనే నిజమైన మార్పుగా చూస్తాం. వెయ్యి మూడు వేలు దాటిందంటే అప్పుడు మేమే డాక్టరుకు ఫోన్ చేస్తాం.

ఆయన కాగితాల్లో ఇంకో తిరకాసు కూడా ఉంది. మొదటిది వేరే ఊళ్ళో చేయించింది, అదీ మొత్తం రక్తంలో. మాది ప్లాస్మాలో, అంటే కణాలు తీసేసిన రక్తద్రవంలో. సీఎంవీకి 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ ప్రమాణం వచ్చాక ల్యాబుల మధ్య తేడాలు తగ్గాయి కానీ పోలేదు. మదనపల్లెలో ఒక కాటా మీద తూచిన టమాటాలను ఇంటికొచ్చి ఇంకో కాటా మీద వేసి, దారిలో పెరిగాయనుకుంటే ఎలా? ఒకే ల్యాబ్, ఒకే రకం శాంపిల్. ఇది పట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది.

అపోహ: ఐజీఎం నెగటివ్ వచ్చింది, సీఎంవీ లేనట్టే.

ఐజీఎం అంటే వైరస్ కొత్తగా సోకినప్పుడు ఒళ్ళు తయారుచేసే యాంటీబాడీ. ఆ యాంటీబాడీలు తయారు చేయాల్సిన వ్యవస్థనే మందులతో నిద్రపుచ్చాం. అది సాక్ష్యం చెప్పలేదని వైరస్ లేదనుకోలేం. వైరస్ ఎప్పుడైనా సోకిందా అని చెప్పే ఐజీజీ యాంటీబాడీ పరీక్ష మాత్రం ఆపరేషన్‌కు ముందు చాలా అవసరం. మన దేశంలో పెద్దవాళ్ళలో ఎక్కువమందికి ఈ వైరస్ ఎప్పుడో సోకి ఒంట్లోనే నిద్రపోతుంటుంది. దాతకు ఉండి, కిడ్నీ తీసుకునేవాళ్ళకు లేకపోతే ముప్పు అన్నింటికన్నా ఎక్కువ.

మా పీసీఆర్ కూడా ప్రతిసారీ పట్టుకుంటుందని కాదు. సీఎంవీ పేగుల్లో ఉంటే రక్తంలో కనిపించకపోవచ్చు. విరేచనాలు ఆగకపోతే మా నెగటివ్ రిపోర్టు చూసి ఊరుకోవద్దు, ఎండోస్కోపీతో పేగు ముక్క తీసి చూడాల్సి రావచ్చు.

అపోహ: వైరస్ ఉందంటే ఇమ్యూనిటీ తగ్గించే మాత్రలు మానేయాలి.

బీకే వైరస్‌కు కచ్చితంగా పనిచేస్తుందని రుజువైన మందు లేదు. అందుకే డాక్టరు ఆ మాత్రల డోసు తగ్గిస్తారు. ఆ మాట చెవిన పడి ఇంట్లోవాళ్ళు మొత్తం ఆపేస్తే, ఒళ్ళు కిడ్నీనే పరాయిదని తిప్పికొడుతుంది. తిప్పతీగ రసం సంగతీ అంతే. ఇమ్యూనిటీ పెంచుతుందని తాగే వస్తువు మీకెందుకు?

అపోహ: ఏ గొట్టంలో తీసినా రక్తం రక్తమే.

ఊదారంగు మూత గొట్టంలోనే తీయించండి. ఆకుపచ్చ మూతదానిలో హెపారిన్ ఉంటుంది, అది పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. 24 గంటల్లోపు ప్లాస్మా వేరు చేయాలి కాబట్టి చిత్తూరులో పొద్దున తీసింది అదే రోజు చేరాలి. ఎండలో చొక్కా జేబులో తేవద్దు. అలాగని ఫ్రీజర్‌లోనూ పెట్టొద్దు. ఒకసారి ఐసు గడ్డల మధ్య ఎంతో జాగ్రత్తగా తెచ్చిన గొట్టం తీసి చూస్తే రక్తం ఐసులా గడ్డకట్టి ఉంది. అలా అయితే ఎర్రకణాలు పగిలిపోతాయి. పాపం, ఆ పిల్లకు మళ్ళీ సూది తప్పలేదు.