స్క్రిప్ట్ ఉంటే దెబ్బ తగలదా? రెజ్లింగ్: అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒక తల్లి ఫోన్ చేశారు. వాళ్లబ్బాయి ఏడో తరగతి, హాస్టల్లో ఉంటాడు. ఆదివారం వార్డెన్ లేని టైమ్ చూసి నేల మీద నాలుగు పరుపులు పరిచి, ఇద్దరు స్నేహితులు వాణ్ణి బంక్ మంచం మీద నుంచి చోక్‌స్లామ్ (గొంతు పట్టుకుని ఎత్తి కిందికి విసరడం) చేశారు. కాలర్ బోన్ విరిగింది. ఆవిడ అడిగింది ఒకటే: "టీవీలో ఆ రెజ్లింగంతా ఉత్తుత్తి డ్రామా, దెబ్బలు తగలవురా అని మేమే చెప్పామండీ. మరి మా వాడికెందుకు తగిలింది?"

ఆవిడ మీద నాకు కోపం రాలేదు. నా కోపమంతా ఆ మాట మీదే. పంజాబ్‌లో రెజ్లింగ్ నేర్చుకుని, నాలుగేళ్లు ఆడి, భుజం పోయాక రిఫరీగా మారి, ఇప్పుడు హైదరాబాద్‌లో కుర్రాళ్లకు నేర్పుతున్నాను. ఈ మాట వినని వారం లేదు. 2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ షో జరిగినప్పుడు, జాన్ సీనాను చూద్దామని నేనూ వెళ్లాను. పక్క సీట్లో ఒకాయన, ఒళ్లో కూతురు. పాప భయపడి మొహం దాచుకుంటే, "ఏం కాదమ్మా, కింద స్పాంజి ఉంటుంది, వాళ్లకు దెబ్బ తగలదు" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. కానీ ఆ పాప రేపు సోఫా ఎక్కి తమ్ముడి మీదికి దూకితే, ఆ మాటను నమ్మే దూకుతుంది.

అపోహ: ఎవరు గెలవాలో ముందే తెలుసు కాబట్టి దెబ్బలన్నీ అబద్ధం

గెలుపు ముందే నిర్ణయిస్తారు. ఇందులో దాపరికం ఏమీ లేదు. తమది పోటీ క్రీడ కాదు, వినోదం అని డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (డబ్ల్యూడబ్ల్యూఈ అప్పటి పేరు) 1989లోనే న్యూజెర్సీ సెనేట్ ముందు చెప్పుకుంది. అయితే స్క్రిప్ట్ నిర్ణయించేది గెలుపోటములను. పడ్డవాడి ఎముక మీద దానికి ఏ అధికారమూ లేదు.

నా దగ్గరికి వచ్చే ప్రతి కుర్రాడికీ మొదటి వారంలో ఒకే మ్యాచ్ చూపిస్తాను. 1998 జూన్ 28, పిట్స్‌బర్గ్, కింగ్ ఆఫ్ ది రింగ్ పే-పర్-వ్యూ (టీవీలో డబ్బు కట్టి చూసే షో). అండర్‌టేకర్‌కీ మ్యాన్‌కైండ్‌కీ మధ్య హెల్ ఇన్ ఎ సెల్, అంటే రింగు చుట్టూ, పైనా ఇనుప జాలీ పంజరం (సెల్) బిగించి ఆడే మ్యాచ్. అందరూ చూసిందే. కానీ చాలామంది ఆ క్లిప్ ఒక్కటే చూశారు, దాని వెనక కథ తెలియదు.

వాళ్లిద్దరి వైరం 1996 ఏప్రిల్‌లో మొదలైంది. మ్యాన్‌కైండ్ వచ్చీ రావడంతోనే అండర్‌టేకర్ మీద పడ్డాడు. ఆ ఏడాది సమ్మర్‌స్లామ్ షోలో బాయిలర్ రూమ్ మ్యాచ్, అక్కడ అండర్‌టేకర్ మేనేజర్ పాల్ బేరర్ అతనికి చేసిన ద్రోహం, ఆ తర్వాత బరీడ్ అలైవ్ (ప్రత్యర్థిని గోతిలో పూడ్చే మ్యాచ్). రెండేళ్లు గడిచేసరికి ఆ కథలో వేడి తగ్గింది. 1998 వేసవిలో అందరి కళ్లూ స్టీవ్ ఆస్టిన్, కేన్ మీదే ఉన్నాయి. ఆ రాత్రి మెయిన్ ఈవెంట్ కూడా వాళ్లదే, రక్తం ముందు ఎవరికి కారితే వాళ్లు ఓడినట్టు. పైగా సెల్ మ్యాచ్‌కి అంతకుముందే ఒక కొలత ఉంది. 1997 అక్టోబర్‌లో షాన్ మైకేల్స్, అండర్‌టేకర్ ఆడిన మొదటి హెల్ ఇన్ ఎ సెల్‌ను దాటడం ఎవరికైనా కష్టమే. దానికి తోడు అండర్‌టేకర్ పాదం దెబ్బతిని ఉంది, ఎక్కువసేపు పరుగెత్తలేడు. వేడి తగ్గిన వైరం, కుంటుతున్న ప్రత్యర్థి, పోల్చడానికి సిద్ధంగా ఉన్న జనం. మ్యాన్‌కైండ్ వేషంలో ఉన్న మిక్ ఫోలీ మ్యాచ్‌ను సెల్ పైకప్పు మీద మొదలుపెట్టడానికి కారణం ఇది.

మొదటి పతనం అనుకున్నదే. దాదాపు 16 అడుగుల ఎత్తు నుంచి అండర్‌టేకర్ విసిరితే ఫోలీ కామెంటరీ టేబుల్ మీద పడ్డాడు. ఒకటిన్నర అంతస్తు ఎత్తు అది. టేబుల్ విరగడం వల్ల దెబ్బ కొంత పంచుకుంది, అంతే. భుజం మాత్రం కీలు జారింది. స్ట్రెచర్ ఎక్కించారు. దాని మీద నుంచి లేచి వచ్చి మళ్లీ సెల్ ఎక్కాడు.

రెండోది ఎవరూ అనుకోనిది. పైకప్పు మీద చోక్‌స్లామ్ చేయగానే ఆ జాలీ పలక ఊడిపోయింది. ఫోలీ నేరుగా రింగులో పడ్డాడు. అతని వెనకే పైనున్న కుర్చీ జారి మొహం మీద పడింది. పన్ను ఊడి ముక్కు దగ్గర ఇరుక్కుంది. స్పృహ తప్పింది. అతను లేచేదాకా జనం దృష్టి మళ్లించడానికి సీనియర్ రెజ్లర్ టెర్రీ ఫంక్ రింగులోకి వచ్చి అండర్‌టేకర్‌కి ఎదురెళ్లాడు. ఫంక్‌ని చోక్‌స్లామ్ చేస్తే బూట్లు అక్కడే ఉండిపోయాయి. చూసేవాళ్లు ఆ బూట్ల దగ్గర నవ్వుతారు. నేను అక్కడ వీడియో ఆపి చెప్తాను: ఆ పెద్దమనిషి తన వీపు అడ్డం పెట్టి స్నేహితుడికి ఊపిరి తీసుకునే టైమ్ ఇస్తున్నాడు.

ఆ తర్వాత బోర్డు పిన్నుల మీద కూడా పడి, ఆఖరికి ఓడిపోయి, ఫోలీ అదే రాత్రి మెయిన్ ఈవెంట్‌లో మళ్లీ బయటికొచ్చాడు. పిన్నులు వాడామా అని తర్వాత అండర్‌టేకర్‌ని అడిగాడంటే బుర్ర ఎంత అదిరిందో ఊహించుకోండి. ఇంకెప్పుడూ ఇలాంటిది చేయొద్దని విన్స్ మెక్‌మాన్ స్వయంగా చెప్పాడు. స్క్రిప్ట్ రాయించుకునే యజమానే ఆ మాట అన్నప్పుడు, మన డ్రాయింగ్ రూములో కూర్చుని "ఉత్తుత్తి" అనడం ఏం న్యాయం?

అదొక్కటే కాదు. 1997 సమ్మర్‌స్లామ్‌లో స్టీవ్ ఆస్టిన్‌కి ఓవెన్ హార్ట్ వేసిన పైల్‌డ్రైవర్ (తలకిందులుగా పట్టుకుని నేలకు దించే దెబ్బ) కొన్ని అంగుళాలు తేడాగా పడింది. ఆస్టిన్ కాళ్లూ చేతులూ కాసేపు పనిచేయలేదు. స్క్రిప్ట్ ప్రకారం గెలవాల్సింది ఆస్టినే. అందుకని పాక్కుంటూ వెళ్లి, నీరసంగా ఓవెన్‌ని చుట్టేసి పిన్ చేశాడు (భుజాలు నేలకు ఆనించి మూడు లెక్కపెట్టేదాకా పట్టాడు). ఆ మెడే 2003లో అతని ఆట ఆపించింది. 1999 అక్టోబర్‌లో డారెన్ డ్రోజ్‌డోవ్ ఒక పవర్‌బాంబ్ (పైకెత్తి వీపు మీద పడేయడం) తప్పి జీవితాంతం వీల్‌చైర్‌కే పరిమితమయ్యాడు. జపాన్‌లో అంత గొప్ప మిసావా 2009లో హిరోషిమా రింగులో ఒక సూప్లెక్స్ (పట్టుకుని వెనక్కి ఎత్తి పడేయడం) తర్వాత ప్రాణాలు వదిలాడు. 2022 మార్చిలో బిగ్ ఈ రింగు బయట నేల మీద తల ఆని మెడ విరగ్గొట్టుకున్నాడు. వీళ్లెవరూ హాస్టల్ పిల్లలు కాదు. ఏళ్ల తరబడి నేర్చుకున్నవాళ్లు, ఎదుటివాణ్ణి కాపాడటమే తమ పని అని తెలిసినవాళ్లు.

రింగు కింద ఏముంది?

స్పాంజి అనేవాళ్లందరికీ ఒకసారి కాన్వాస్ ఎత్తి చూపించాలనిపిస్తుంది. ఇనుప దూలాలు, వాటి మీద చెక్క పలకలు, పలకల మీద వేలెడు మందం ఉంటే గొప్ప అనుకునే ఫోమ్, పైన గట్టిగా లాగి కట్టిన గుడ్డ. పలకలు కొంచెం వంగుతాయి, అదే దయ. ఆ ధడేల్ శబ్దం పలకలది.

బంప్, అంటే పడే పద్ధతి, నేర్పేటప్పుడు నేను చెప్పేది నాలుగు విషయాలు: గడ్డం ఛాతీకి ఆనాలి, వీపు పైభాగం మొత్తం ఒకేసారి తగలాలి, చేతులు పక్కలకు చాచి అరచేతులతో కాన్వాస్‌ని చరచాలి, ఊపిరి బయటికి వదలాలి. వినడానికి ఇంతే. గడ్డం పైకి లేస్తే తల వెనక్కి కొట్టుకుంటుంది. భయంతో మోచెయ్యి ఆనిస్తే మోచెయ్యి పోతుంది. పడేటప్పుడు చెయ్యి ఆనించడం మనిషికి పుట్టుకతో వచ్చిన అలవాటు. దాన్ని వదిలించుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. మొదటి రోజు ముప్పై బంపులు తీసుకున్నాను. మర్నాడు పొద్దున తలగడ మీద నుంచి తల లేవలేదు. జుట్టు పట్టుకుని నా తలను నేనే చేత్తో లేపుకోవాల్సి వచ్చింది.

నా భుజం సంగతి కూడా చెప్తాను. ఒక ఊళ్లో మేళాలో షో. అద్దెకు తెచ్చిన రింగు, హడావుడిగా బిగించారు. ఒక మూల పలక సరిగా కూర్చోలేదు. నేను పడ్డప్పుడు ఆ పలక చివర పైకి లేచి ఉంది. మ్యాచ్ మాత్రం అనుకున్నట్టే ముగిసింది, గెలిచింది నేనే. రిఫరీ నా కుడి చెయ్యి పట్టుకుని ఎత్తబోతే అది లేవలేదు. ఆయనకు అర్థమై, ఇటు తిరిగి ఎడమ చెయ్యి ఎత్తాడు. జనం ఈలలు వేశారు.

అందుకే రిఫరీ పని ఏంటో తెలుసుకోండి. మూడు లెక్కపెట్టడానికే ఉన్నాడనుకుంటారు. పడ్డవాడి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి పట్టుకుంటాం కదా, అప్పుడు అతను మా వేళ్లు నొక్కాలి. నొక్కితే బాగున్నట్టు. నొక్కకపోతే నా గుండె ఝల్లుమంటుంది. రిఫరీ రెండు చేతులూ తల పైన ఇంటూ మార్కులా పెడితే, దెబ్బ నిజమైనదని లోపలి వాళ్లకు సంకేతం.

అపోహ: బయట కూడా వాళ్లు పగవాళ్లే

పోస్టర్ మీద ఎంత గొంతు పట్టుకున్నా, ఆ పట్టు నిలిచేది నమ్మకం మీదే. మెడను శత్రువు చేతికి ఎవరూ ఇవ్వరు. పైకప్పు మీద నుంచి నన్ను విసురు అని అడగాలంటే, ఆ మనిషిని ఇంట్లో మనిషిని నమ్మినట్టు నమ్మాలి. ఫోలీ ఇప్పటికీ అండర్‌టేకర్ గురించి గౌరవంగానే మాట్లాడతాడు.

నిజంగా పడనివాళ్లు లేరా అంటే ఉన్నారు. బ్రెట్ హార్ట్, షాన్ మైకేల్స్ అలాంటివాళ్లు. 1997 నవంబర్ 9న మాంట్రియల్‌లో సర్వైవర్ సిరీస్. బ్రెట్ మరో కంపెనీకి వెళ్లిపోతున్నాడు, సొంత దేశం కెనడాలో ఛాంపియన్ బెల్టు వదలనన్నాడు. అతను ట్యాప్ అవుట్ (చేత్తో తట్టి ఓటమి ఒప్పుకోవడం) కాకుండానే గంట కొట్టించి బెల్టు షాన్‌కి ఇచ్చేశారు. ముందు అనుకున్న ముగింపు అది కాదు. బ్రెట్ రింగు పక్కన ఉన్న విన్స్ మొహం మీద ఉమ్మేశాడు. బ్రెట్, షాన్ జనం ముందు చేతులు కలపడానికి 2010 జనవరి దాకా పట్టింది. పాతికేళ్లు దాటినా ఆ రాత్రి గురించి ఇంకా మాట్లాడుకుంటున్నామంటే కారణం, మా పనిలో అలా మాట తప్పడం అంత అరుదు.

మిగతావి త్వరగా

అండర్‌టేకర్‌కి ఏడు ప్రాణాలు లేవు. రెజ్లర్ల ట్రంప్ కార్డులు ఆడిన మా తరమంతా అది నమ్మింది. ఆయన పేరు మార్క్ కాలవే, టెక్సాస్ మనిషి. 1994 సమ్మర్‌స్లామ్‌లో ఇద్దరు అండర్‌టేకర్లు కనిపించారు కాబట్టి అసలువాడు చచ్చిపోయాడన్న పుకారు కూడా వదిలేయండి. రెండోవాడు బ్రయాన్ లీ అనే వేరే రెజ్లర్.

కథలో తమ్ముడైనా, కేన్ నిజంగా ఆయన తమ్ముడు కాదు. పేరు గ్లెన్ జేకబ్స్, 2018లో టెన్నెసీలోని నాక్స్ కౌంటీకి మేయర్ అయ్యాడు.

రక్తం టమాటా సాస్ కాదు. ఆ రోజుల్లో నుదుటి మీద బ్లేడుతో గీసుకునేవారు. అది సాస్ అయితే బాగుండేదని నాకూ అనిపిస్తుంది.

తాలీంలో (కుస్తీ అఖాడాలో) కుస్తీ నేర్చిన మనిషికి ఈ రెజ్లింగ్ దానంతట రాదు. కుస్తీలో పడకూడదు, ఇక్కడ పడటమే విద్య.

పే-పర్-వ్యూ రిజల్ట్ లీక్ అయిందని, పందెం కట్టమని మెసేజ్‌లు పంపేవాళ్లను బ్లాక్ చేయండి. ఇంతకన్నా చర్చ అనవసరం.

టెన్షన్ పడే అమ్మానాన్నలకు

చూడొద్దని టీవీ కట్టేస్తే పిల్లలు ఫోన్లో చూస్తారు. "అంతా ఫేక్" అని మాత్రం చెప్పకండి, ఆ మాటే వాళ్లను మంచం ఎక్కిస్తోంది. కథ కల్పితం, పడటం నిజం, నెలల తరబడి నేర్చుకుంటే గానీ చేయకూడదు అని చెప్పండి. పిల్లలకు ఇది బాగానే అర్థమవుతుంది. పరుపు కాపాడుతుందనుకోవద్దు. మెత్తటి పరుపులో తల దిగబడి మెడ మెలిపడే ప్రమాదం ఉంది.

ఒకవేళ అలా పడి మెడ నొప్పి అన్నా, చేతులూ కాళ్లూ తిమ్మిరిగా ఉన్నాయన్నా, కదపలేకపోతున్నా, లేపి కూర్చోబెట్టకండి. మెడ తిప్పకండి. మసాజ్ అసలే వద్దు. ఉన్నచోటే కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. తల కొట్టుకున్నాక వాంతులు, మగత, పొంతన లేని మాటలు ఉంటే, నిద్రపోతే తగ్గుతుందిలే అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఆ హాస్టల్ అబ్బాయి చెయ్యి ఇంకా స్లింగ్‌లోనే ఉంది. రింగు చూస్తానని ఒకటే గొడవట. ఆదివారం తీసుకురమ్మని వాళ్లమ్మగారికి చెప్పాను. కాన్వాస్ ఒక మూల విప్పి, బాగున్న చేత్తో ఆ పలకలు తట్టి చూడమంటాను. రింగు ఎక్కడం మాత్రం డాక్టర్ సరేనన్నాకే.