తాజ్ మహల్ చూడబోయే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

సెలవుల్లో ఆగ్రా వెళ్తున్నారట, సంతోషం. తాజ్ బొమ్మను పాఠ్యపుస్తకాల్లో, క్యాలెండర్ల మీద ఎన్నిసార్లు చూసుంటారో! అందుకే చాలామంది ఎదురుగా నిలబడి కూడా "ఇంతేనా?" అనేస్తారు. కంగారుగా నడిస్తే అలాగే ఉంటుంది మరి.

తూర్పు గేటులోంచి వెళ్లినా, పడమటి గేటులోంచి వెళ్లినా ముందొక పెద్ద ఆవరణ వస్తుంది. అక్కడికి తాజ్ కనిపించదు. ఎర్రరాతి సింహద్వారం అడ్డంగా ఉంటుంది. కావాలనే అలా దాచారు. ద్వారం లోపల మసక వెలుతురు, అవతలి కమానులో తెల్లటి తాజ్. ఫోన్ జేబులో పెట్టి మెల్లగా నడవండి. కమాను దగ్గరయ్యేకొద్దీ తాజ్ చిన్నదై వెనక్కి జరుగుతున్నట్టుంటుంది. నాలుగడుగులు వెనక్కి వేస్తే పెద్దదై మీదికొస్తుంది. తాజ్ ఇంకా దాదాపు 300 మీటర్ల దూరంలో ఉంది కాబట్టి దాని పరిమాణం మన కంటికి పెద్దగా మారదు. పక్కనున్న కమాను మాత్రం గబగబా పెరిగిపోతుంది. ఒళ్లు ఝల్లుమనేది ఇక్కడే. జనం గుంపుగా ఆగిపోయేదీ ఇక్కడే. పక్కకు నెట్టేస్తే కుడి ఎడమల పొందిక చెడుతుంది. సరిగ్గా నడిమధ్య చోటు ఖాళీ అయ్యేదాకా ఓపిక పట్టండి.

తర్వాత నీటికాలువ వెంట తోట మధ్యలోని పాలరాతి కొలను దాకా వెళ్లి, ఆగి చూడండి. ఎడమవైపు చూసిందే కుడివైపూ ఉంటుంది. కంటికి వెతుకులాట ఉండదు, మనసు దానంతటదే నెమ్మదిస్తుంది. ఆ నెమ్మది వెనక బోలెడు పనితనం ఉంది. మినార్లు నిటారుగా లేవు, రవ్వంత బయటికి వంగి ఉన్నాయి. ఎప్పుడైనా కూలినా సమాధి మీద పడకూడదని అలా కట్టారంటారు. ముఖద్వారం చుట్టూ ఉన్న అక్షరాలు పైకి వెళ్లేకొద్దీ పెద్దవవుతాయి. అందుకే కిందనుంచి అన్నీ ఒకే సైజులో కనిపిస్తాయి. పడమట మసీదు ఉంది. దానికి జతగా తూర్పున అచ్చం అలాంటిదే ఇంకో కట్టడం, పేరు జవాబ్. రెంటి లోపలికీ వెళ్లి చూడండి: మక్కా దిక్కు చూపే గూడు మసీదు గోడలోనే ఉంటుంది, జవాబ్‌లో ఉండదు. కేవలం జత కుదరడం కోసం అంత భవనం కట్టించారు!

ఇక లోపల, గుమ్మటం కింద సరిగ్గా నడుమ ముంతాజ్ సమాధి. 1631లో ఆవిడ పోయాకే ఈ నిర్మాణం మొదలైంది. మీ ఎడమచేతి వైపు, కాస్త పెద్దదిగా, షాజహాన్‌ది. 1666లో ఆయన పోయాక పక్కన చేర్చారు. ఇంత లెక్కగా కట్టినదాంట్లో కొట్టొచ్చినట్టు జత కుదరనిది ఇదొక్కటే. నన్నడిగితే తాజ్ మొత్తంలో గుండెను పట్టుకునేదీ ఇదే. సమాధుల చుట్టూ ఉన్న చిల్లుల పాలరాతి తెర (జాలీ) దగ్గర తోపులాటగా ఉంటుంది, నిలబడనివ్వరు. ఏం చూడాలో ముందే అనుకుని వెళ్లండి. అసలు సమాధులు కింది అరలో ఉన్నాయి, అక్కడికి వెళ్లనివ్వరు.

ప్రేమతో,
మీ తాతయ్య

తా.క.: శుక్రవారం తాజ్ మూసి ఉంటుంది, రైలు టికెట్లు తీసేముందు వారం చూసుకోమని నాన్నకు చెప్పండి. సమాధి మందిరంలోకి పెద్దవాళ్లకు వేరే టికెట్ కావాలి. డిసెంబరు, జనవరి ఉదయాల్లో పొగమంచు పడితే తోటలోంచి గుమ్మటం కూడా కనిపించకపోవచ్చు, మధ్యాహ్నం వెళ్లండి.