తుపాకుల లెక్క లేని దేశంలో

2023 మే నెలలో టెక్సాస్‌లోని అలెన్ పట్టణంలో, ఒక మాల్ దగ్గర జరిగిన కాల్పుల్లో ఎనిమిది మంది చనిపోయారు. వాళ్లలో ఒక తెలుగమ్మాయి కూడా ఉంది. అలాంటి వార్త వచ్చినప్పుడల్లా పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో ఒక ప్రశ్న లేస్తుంది: తుపాకీ చట్టాలు గట్టిగా ఉన్న రాష్ట్రానికి మారిపోతే ఈ టెన్షన్ తగ్గుతుందా?

ముందు 'సామూహిక కాల్పులు' అని వేటిని అనాలో తేలాలి. గన్ వయొలెన్స్ ఆర్కైవ్ అనే సంస్థ నలుగురికి తూటాలు తగిలితే చాలు, ప్రాణాలు పోకపోయినా లెక్కలో వేస్తుంది. చాలామంది పరిశోధకులు నలుగురు చనిపోయినవే తీసుకుంటారు. మొదటి పద్ధతిలో ఏడాదికి వందలు వస్తే, రెండో పద్ధతిలో పదుల్లోనే వస్తాయి.

రెండో చిక్కు ఇంకా విచిత్రమైనది. ఎవరి దగ్గర ఎన్ని తుపాకులున్నాయో అమెరికా ప్రభుత్వం దగ్గర జాబితా లేదు. అలాంటి జాతీయ రిజిస్ట్రీ పెట్టకూడదని 1986లో చట్టమే చేసుకున్నారు. మరి ఏ రాష్ట్రంలో తుపాకులు ఎక్కువో ఎలా తెలుస్తుంది? ఆత్మహత్యల నుంచి. మొత్తం ఆత్మహత్యల్లో తుపాకీతో జరిగినవి ఎంత శాతమో చూస్తారు. ఇంట్లో తుపాకీ ఉంటేనే ఆ క్షణంలో అది చేతికి అందుతుంది కాబట్టి, తుపాకులున్న ఇళ్లు ఎక్కువైనచోట ఆ శాతం కూడా ఎక్కువగా ఉంటుంది. సర్వేలతో పోల్చి చూసినా సరిపోయింది. వింటే మనసు చివుక్కుమంటుంది గానీ, పరిశోధకుల చేతిలో ఉన్న కొలబద్ద అదే.

2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనం దాన్నే వాడింది. 1998 నుంచి 2015 దాకా ఒక్కో రాష్ట్రం చట్టాలకు వందకు మార్కులు వేశారు, ఎంత వదులైతే అన్ని ఎక్కువ. పది మార్కులు పెరిగినచోట సామూహిక కాల్పుల రేటు సుమారు 11 శాతం ఎక్కువగా కనిపించింది. తుపాకులున్న ఇళ్ల వాటా పది శాతం పెరిగినచోట 35 శాతం ఎక్కువ. అయితే తుపాకులంటే మక్కువ ఉన్నచోట చట్టాలు కూడా వదులుగానే ఉంటాయి. ఏది దేనికి కారణమో ఈ అంకెలతో విడదీయలేం. పైగా ఇవి అరుదైన ఘటనలు. వెర్మాంట్‌నే చూడండి. 2018 దాకా అక్కడి చట్టాలు మహా వదులు, అయినా ఇలాంటి కాల్పులు దాదాపు లేవు. ఆరున్నర లక్షల జనాభా ఉన్నచోట ఒక్కటి జరిగినా రేటు అమాంతం పైకి లేస్తుంది.

అసలు చట్టాలన్నిటినీ మూటగట్టి మార్కులు వేయడమే నాకు అంతగా నచ్చదు. ఏ చట్టం ఎక్కడ అడ్డుపడుతుందో చూడాలి. 2011లో అరిజోనాలోని టూసాన్‌లో ఆరుగురిని చంపినవాడి తుపాకీకి 33 తూటాల మ్యాగజైన్ (తూటాలు నింపి తుపాకీకి తగిలించే డబ్బా) ఉంది. అది ఖాళీ అయ్యి ఇంకొకటి ఎక్కించబోతుండగా చుట్టుపక్కలవాళ్లు మీదపడి పట్టుకున్నారు. ఆ విరామం పదో తూటాకే వచ్చి ఉంటే? 1994 నుంచి 2004 దాకా పది తూటాలకు మించి పట్టే కొత్త మ్యాగజైన్ల మీద దేశమంతటా నిషేధం ఉండేది, తర్వాత గడువు తీరిపోయింది. కొన్ని రాష్ట్రాలకు మాత్రం ఇలాంటి సొంత నిషేధం ఉంది. ఆరుగురు, అంతకుమించి చనిపోయిన ఘటనలను 1990 నుంచి 2017 దాకా లెక్కగడితే, అలాంటి నిషేధం లేని రాష్ట్రాల్లో రేటు, ఉన్న రాష్ట్రాలకన్నా రెట్టింపు దాటింది. కొనేముందు లైసెన్స్ తీసుకోవాలనే నిబంధన ఉన్నచోట కూడా ఇలాంటి కాల్పులు తక్కువని 2020లో ఇంకో అధ్యయనం చూపింది. కొనుగోలుదారు పాత నేర చరిత్ర ఒక్కటే తనిఖీ చేసే చట్టాలకు మాత్రం స్పష్టమైన ప్రభావం కనబడలేదు.

ఇవన్నీ రాష్ట్రం లోపల మాట. 2019 జూలైలో కాలిఫోర్నియాలోని గిల్‌రాయ్ వెల్లుల్లి పండుగలో ముగ్గురిని చంపిన రైఫిల్‌ను ఆ రాష్ట్రంలో అమ్మడానికే వీల్లేదు. పంతొమ్మిదేళ్ల కుర్రాడు దాన్ని పక్కనున్న నెవాడాలో చట్టప్రకారమే కొన్నాడు. నెవాడా నుంచి కాలిఫోర్నియాలోకి వచ్చే పెద్ద రోడ్ల మీద తనిఖీ కేంద్రాలు లేకపోలేదు. పళ్లు, మొక్కలు ఏమైనా తెస్తున్నారా అని అడగడానికి అవి ఉన్నాయి.