తాడు అక్కర్లేదు: మానసిక అత్యవసర వైద్యంపై అపోహలు, వాస్తవాలు

విజయవాడలో ఒక మానసిక అత్యవసర సేవల కేంద్రంలో వైద్య బృందం బాధ్యత నాది. మా దగ్గరికి వచ్చే కుటుంబాలు చాలావరకు ఒకే మాటతో మొదలుపెడతాయి: "మొన్నటిదాకా బానే ఉన్నాడండీ, ఉన్నట్టుండి ఇలా అయిపోయాడు." కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, నిద్ర గురించి అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. నెల నుంచీ రాత్రిళ్లు పడుకోవడం లేదు. పక్కింటివాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారని మూడు వారాలుగా అంటున్నాడు. అన్నంలో ఏదో కలిపారని పది రోజులుగా అమ్మ పెట్టింది ముట్టడం లేదు. ఇదంతా ఇంటిల్లిపాదీ చూశారు, జబ్బని మాత్రం అనుకోలేదు. ఆ ఆలస్యానికి కారణమైన నమ్మకాల గురించే ఇక్కడ రాస్తున్నాను. రోగుల వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను.

"కట్టి తీసుకురావడం తప్ప దారి లేదండీ"

గుంటూరు దగ్గరి పల్లె నుంచి ఇరవై రెండేళ్ల కుర్రాణ్ణి ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. చేతులు వెనక్కి విరిచి నైలాన్ తాడుతో కట్టారు. మణికట్లు కమిలిపోయి, వేళ్లు చల్లబడి ఉన్నాయి. వెంట వచ్చినవాళ్లు తొమ్మిది మంది. "విప్పితే పారిపోతాడు, మీ ఇష్టం" అన్నాడు వాళ్ల బాబాయి.

విప్పించాం. ముందు ఎనిమిది మందిని వరండాలోకి పంపి, తండ్రిని మాత్రం లోపల ఉంచాం. మా నర్సు ఒక్కతే మాట్లాడింది. ఎదురుగా నిలబడలేదు, కుర్చీ కాస్త పక్కకు వేసుకుని రెండు చేతుల దూరంలో కూర్చుంది. తలుపుకు ఎవరూ అడ్డం లేరు. ఆమె అడిగినవి చిన్న ప్రశ్నలే: "పేరేంటి నాన్నా? చేతులు నొప్పిగా ఉన్నాయా? నీళ్లు తాగుతావా?" సీలు తీయని నీళ్ల సీసా ఇచ్చింది, ఎందుకంటే అతని భయమంతా ఎవరో విషం పెడుతున్నారనే. సీలు తానే తీసుకుని సగం సీసా తాగేశాడు. నలభై నిమిషాలకు మాత్ర వేసుకోవడానికి ఒప్పుకున్నాడు. ఇంజెక్షన్ అవసరం రాలేదు.

అన్నిసార్లూ ఇలా జరగదు. తనకో ఇతరులకో అప్పటికప్పుడు ప్రమాదం ఉంటే సూది వేస్తాం. మేం వాడే హాలోపెరిడాల్, ప్రోమెథజిన్ మందుల జతను తమిళనాడులోని వేలూరులో ఇలా ఉద్రేకంతో వచ్చిన రోగులకే ఇచ్చి పరీక్షించారు. సూది వేశాక ఊపిరి, నాడి, బీపీ దగ్గరుండి చూస్తూనే ఉండాలి. సూది వేసి గదిలో పెట్టి తాళం వేయడాన్ని నేను వైద్యంగా ఒప్పుకోను.

గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పూర్తిగా నిషేధించింది. ఆసుపత్రిలో కూడా, ప్రమాదం ఆపడానికి మరే దారీ లేనప్పుడే, సైకియాట్రిస్ట్ అనుమతితో, కారణం రాసిపెట్టి, వీలైనంత తక్కువ సేపు అదుపు చేయాలి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో అగ్నిప్రమాదం జరిగినప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది పారిపోలేక చనిపోయారు. తాడు చూసినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు.

ఇంట్లో ఏం చేయాలని అడుగుతారు. గుంపు తగ్గించండి. అతను నమ్మే ఒక్క మనిషిని మాట్లాడనివ్వండి. "నీకు పిచ్చి, ఎవరూ విషం పెట్టలేదు" అని వాదించకండి, "భయంగా ఉంది కదా, నిద్ర పట్టేలా చేయిద్దాం పద" అనండి. కత్తులు, కొడవళ్లు కనపడకుండా తీసేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ప్రాణాపాయమైతే 108 లేదా 112.

"చేరిస్తే వైజాగ్ పంపేస్తారు, ఇక బయటికి రాడు"

వైజాగ్‌లో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉన్న చినవాల్తేరు పేరు చెబితే ఇప్పటికీ కొందరు తల్లులు ఏడుస్తారు. చాలామందికి అంత దూరం వెళ్లే పనే రాదు. గుంటూరు జీజీహెచ్‌లో, విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో, మంగళగిరి ఎయిమ్స్‌లో మానసిక వైద్య విభాగాలున్నాయి. రోగి ఒప్పుకోలేని స్థితిలో కుటుంబం చేర్పించినా, చట్టం మొదట ఇచ్చే గడువు గరిష్ఠంగా 30 రోజులు. మా దగ్గర అన్ని రోజులు ఉండేవాళ్లు అరుదు.

"మాల వేసుకుని తాగుడు మానేశాడు, అమ్మవారు పూనింది"

దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. కార్తీకం వచ్చిందంటే మా కేంద్రంలో పడకలు నిండిపోతాయి. ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్లు భవానీ దీక్షో అయ్యప్ప దీక్షో తీసుకుని, ఒక్క పూటలో మానేస్తారు. వాళ్ల సంకల్పం మీద నాకు గౌరవం ఉంది. కానీ అంత మద్యానికి అలవాటుపడిన మెదడు ఒక్కసారిగా ఆపితే తట్టుకోదు. మొదటి రోజు చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరు మనుషుల్ని గుర్తుపట్టరు, గోడల మీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని మనుషులతో మాట్లాడతారు. ఇంట్లోవాళ్లు పూనకమనో, దీక్షలో దోషం జరిగిందనో అనుకుంటారు. ఇది డెలీరియం ట్రెమెన్స్. వైద్యం అందకపోతే ప్రాణం తీస్తుంది.

మళ్లీ ఒక పెగ్గు పోయడం వైద్యం కాదు. ఊళ్లో గ్లూకోజు బాటిల్ ఒక్కటే పెట్టించి పంపడం కూడా ప్రమాదమే. బి1 విటమిన్, అంటే థయామిన్, అడుగంటిన ఒంట్లోకి అది లేకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. రోజూ తాగే మనిషి మాల వేసుకోవాలనుకుంటే వారం ముందే డాక్టరును కలవాలి. వణుకు, ఫిట్స్ రాకుండా మందులిచ్చి మాన్పించవచ్చు. గురుస్వాములు ఈ ఒక్క మాట ముందుగా అడిగితే ఎన్నో ఇళ్లు నిలబడతాయి.

ఇలాంటిదే ఇంకొకటి. పెద్ద వయసువాళ్లు ఒక్కరోజులో తికమకగా మాట్లాడుతుంటే గాలి సోకిందనో, మతి పోయిందనో తేల్చేయకండి. ఒంట్లో సోడియం తగ్గినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, షుగరు పడిపోయినా అలాగే ఉంటుంది. అందుకే ఎవరొచ్చినా మేం ముందు వేలి చివర గుచ్చి షుగరు చూస్తాం. తాయెత్తు ఉంటే ఉండనిస్తాం, దర్గాకో గుడికో వెళ్లొచ్చామంటే వద్దనం. మాత్ర వేసుకుని వెళ్లమంటాం.

"చావు గురించి అడిగితే లేనిపోని ఆలోచన పెట్టినట్టు అవుతుంది"

అవదు. అడిగితే బరువు దిగుతుంది. "బతకాలని లేదనిపిస్తోందా? చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అని సూటిగా అడగండి. అవునంటే తిట్టకండి, ఒట్టు వేయించుకోకండి, పిల్లల ముఖం చూడమనకండి. ఒంటరిగా వదలకుండా తీసుకురండి. "ఉత్తినే బెదిరిస్తోంది" అన్న మాట మా గదిలో వింటే నేను అక్కడే ఆపుతాను.

మన మిర్చి, పత్తి ఊళ్లలో పురుగుమందు డబ్బా మంచం కిందే ఉంటుంది. చనిపోవాలన్న ఆ ఉధృతి చాలామందిలో కొద్ది గంటల్లో దిగిపోతుంది, ఆ కాసేపూ డబ్బా చేతికి అందకపోతే మనిషి దక్కుతాడు. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన పురుగుమందుల్ని వరుసగా నిషేధించాక ఆత్మహత్యలు బాగా తగ్గాయి. మీ ఇంట్లో ఆ డబ్బాలకు తాళం వేయండి. తాళంచెవి మరొకరి దగ్గర ఉంచండి.

పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రికే తీసుకురానివాళ్లు ఇంకా ఉన్నారు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని 2017 చట్టం చెప్పింది. పాత శిక్షాస్మృతిలోని 309 సెక్షన్‌ను 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోకి తీసుకోలేదు. భయపడి గంటలు పోగొట్టుకోకండి.

"పెళ్లి చేస్తే కుదురుకుంటాడు"

పెళ్లి మందు కాదు. జబ్బు దాచి చేసిన పెళ్లిలో మాత్రలు కూడా దాచాల్సి వస్తుంది, దాచలేక మానేస్తారు, మూడో నెలకల్లా మళ్లీ మా దగ్గరికొస్తారు. ఈసారి ఏమీ తెలియని ఒక అమ్మాయి కూడా వాళ్లతో ఉంటుంది. జబ్బు ఉన్నవాళ్లు పెళ్లి చేసుకోకూడదని నేననను. అవతలివాళ్లకు చెప్పి చేసుకోవాలంటాను.

పుట్టింటికి పురుడుకు వెళ్లిన అమ్మాయిల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. కాన్పయిన రెండు వారాల్లోపు బాలింత అసలు నిద్రపోకుండా, పొంతన లేకుండా మాట్లాడుతూ, బిడ్డ తన బిడ్డే కాదంటుంటే ఆ రోజే తీసుకురండి. పదకొండో రోజు పురుడు అయ్యాక చూద్దామనుకోకండి, తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం.

"కరెంటు షాకులు పెడతారు"

మా కేంద్రంలో ఈసీటీ, అంటే ఈ కరెంటు చికిత్స, లేదు, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపుతాం. అక్కడ మత్తు, కండరాలు సడలే మందు ఇచ్చాకే చేస్తారు. అవి లేకుండా చేయడం నేరం. తిండి, మాట రెండూ మానేసి కట్టెలా బిగుసుకుపోయినవాళ్లు దీనితో లేచి నడవడం నేను చూశాను.

"తగ్గింది కదా, మాత్రలు ఆపేద్దాం"

ఇంటికి పంపాక మొదటి కొన్ని వారాలే నాకు ఎక్కువ భయం. ఆత్మహత్యల ప్రమాదం అప్పుడే ఎక్కువ. అందుకే రెండో రోజు ఫోన్ చేస్తాం, వారం లోపు మా సోషల్ వర్కర్ ఇంటికి వెళ్లి కూర్చుంటుంది.

మూడ్‌ను అదుపులో ఉంచే లిథియం మాత్రలు వాడేవాళ్లు మే నెలలో మరింత జాగ్రత్తగా ఉండాలి. మన బెజవాడ ఎండలకు ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. చేతులు బాగా వణికినా, వాంతులు విరేచనాలైనా, నడక తూలినా వెంటనే రక్తపరీక్ష చేయించాలి. ఒళ్లునొప్పులకు షాపులో అడిగి మాత్రలు కొని వేసుకోకూడదు, వాటిలో చాలావరకు లిథియాన్ని పెంచేవే.

ట్రాలీ ఆటోలో వచ్చిన ఆ కుర్రాడు ఇప్పుడు నెలకోసారి వస్తున్నాడు. వాళ్ల నాన్న మిర్చి యార్డు చీటీల వెనక రోజూ కొడుకు ఎన్ని గంటలు పడుకున్నాడో రాసి తెస్తాడు. పోయిన నెల ఒక చీటీ మీద "మూడు గంటలు" అని ఉంది. దాని మీద తారీఖు ముందు రోజుదే. ఇంకా పది రోజుల గడువుండగానే, తెల్లవారుజామున బస్సెక్కి ఇద్దరూ వచ్చేశారు.