‘రిజాల్వ్‌డ్’ అంటే ఏమిటో ఎక్కడ రాశాం?

సాఫ్ట్‌వేర్‌లోని తప్పులను (బగ్‌లను) ఒక్కో టికెట్‌గా నమోదు చేసి సరిచేసేదాకా లెక్క ఉంచేది బగ్ ట్రాకర్. దాన్ని సొంతంగా పనులు చేసే ఏఐ ఏజెంట్ల చేతికిచ్చిన టీముల్లో, ‘రిజాల్వ్‌డ్’ (పరిష్కారమైంది) అంటే ఏమిటన్న పాత గొడవే మళ్లీ లేస్తోంది. ఏజెంటు కోడ్ సరిచేస్తుంది, టికెట్‌ను తనే క్లోజ్ చేస్తుంది, కొన్నాళ్లకు అదే తప్పు మళ్లీ బయటపడుతుంది. ఏజెంట్ల కోసం డాక్యుమెంటేషన్ విడిగా రాయాలని కొందరు, ఉన్నదాన్నే సరిగ్గా రాయాలని కొందరు అంటున్నారు. ఈ గొడవ బీజం 1998లో పడిందని నా నమ్మకం.

నెట్‌స్కేప్ తన బ్రౌజర్ కోడ్‌ను అందరికీ తెరిచిన ఏడాది అది. ఆ కోడ్‌తో మొదలైన మొజిల్లా ప్రాజెక్టు కోసం టెర్రీ వైస్‌మన్ బగ్‌జిల్లా అనే ట్రాకర్‌ను తయారుచేశారు. బగ్ వివరాలు నింపడానికి వెబ్ ఫారం, స్టేటస్ ఎంచుకోవడానికి డ్రాప్‌డౌన్ వచ్చాయి. దీంతో ఎంతోమందికి పని తేలికైంది, అందులో సందేహం లేదు. పోయిందేమిటో తెలియాలంటే అంతకన్నా ముందు మొదలైన, డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ట్రాకర్‌ను చూడాలి. అది ఈమెయిల్ మీద నడుస్తుంది. బగ్ తీవ్రత మార్చాలంటే ‘సివియారిటీ’ అని రాసి, బగ్ నంబరు, స్థాయి పేరు చేర్చి ఒక్క లైను మెయిల్ పంపాలి. స్థాయి పేరు చేత్తో టైప్ చేయాలి కాబట్టి దాని అర్థం ముందే చూసుకోవాలి. విష్‌లిస్ట్ నుంచి క్రిటికల్ దాకా ఏడు స్థాయిలు, ఒక్కోదానికి ఒక్కో నిర్వచనం. సంబంధం లేని ఇతర సాఫ్ట్‌వేర్‌ను పాడుచేసినా, మొత్తం సిస్టమ్‌ను కూల్చినా, డేటాకు భారీ నష్టం తెచ్చినా, భద్రతకు గండి కొట్టినా అది క్రిటికల్.

బగ్‌జిల్లాలోనూ ఫీల్డుల అర్థాలు చెప్పే పేజీ ఉంది. కానీ జాబితాలో ఒకటి నొక్కితే పని అయిపోయేటప్పుడు ఆ పేజీ తెరిచేదెవరు? అర్థాలు పక్క సీట్లోని సీనియర్ దగ్గరే ఉండిపోయాయి. సివియారిటీ అంటే నష్టమెంత, ప్రయారిటీ అంటే ముందు ఏది చేయాలి అన్న తేడా కొత్తగా చేరినవాళ్లు అడిగి నేర్చుకున్నారు. 2002లో వచ్చిన జిరా అనే ట్రాకర్‌లో స్టేటస్‌లు, వర్క్‌ఫ్లో (టికెట్ ఏ దశ తర్వాత ఏ దశకు వెళ్లాలన్న క్రమం) ఎవరికి కావాల్సినట్టు వాళ్లు మార్చుకోవచ్చు. దాంతో ‘డన్’ అనే మాటకు పక్క టీములోనే వేరే అర్థం వచ్చింది.

ఏజెంటుకు పక్క సీటు లేదు. 2024 నవంబరులో, ఏఐ మోడళ్లను బయటి టూల్స్‌తో కలిపే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ వచ్చాక, ట్రాకర్‌లోని ప్రతి టూల్ పక్కన రాసిన వివరణను ఏజెంటును నడిపే మోడల్ నేరుగా చదువుతోంది. అక్కడ ‘స్టేటస్: బగ్ ప్రస్తుత స్థితి’ అని మాత్రమే ఉంటే అది ఏం నేర్చుకుంటుంది? ‘రిజాల్వ్‌డ్ పెట్టేది సరిచేసినవాళ్లు. వెరిఫైడ్ పెట్టేది మరొకరు, బగ్ వచ్చిన స్టెప్స్‌నే మళ్లీ నడిపి చూశాక’ అని ఉంటే తనే క్లోజ్ చేసుకునే తప్పు చాలావరకు తగ్గుతుంది. పైగా ఈ రెండు వాక్యాలు నిన్న చేరిన టెస్టర్‌కూ అంతే అవసరం.

విడి డాక్యుమెంటు కావాలనేవాళ్ల వాదనలో న్యాయం ఉంది. మోడల్ ఒకేసారి చూడగలిగే టెక్స్ట్‌కు హద్దుంది కాబట్టి క్లుప్తంగా రాయాలంటారు. ఏజెంట్లకు సూచనలు రాసిపెట్టే, 2025లో వ్యాపించిన ఏజెంట్స్ డాట్ ఎండీ ఫైళ్లు ఆ అవసరంలోంచి వచ్చినవే. కానీ వర్క్‌ఫ్లో మారిన రోజు రెండు చోట్లా మార్చడం ఎవరి పని? ఒకటి పాతబడగానే మనిషి ఒక నియమం, ఏజెంటు ఇంకో నియమం పాటిస్తారు.

2025 మేలో బయటపడిన విషయం దీన్ని ఇంకా జటిలం చేసింది. కోడ్ ఉంచుకునే గిట్‌హబ్ సైటులో, పబ్లిక్ రిపోజిటరీలో (అందరికీ కనిపించే కోడ్ నిల్వలో) ఎవరో పెట్టిన ఇష్యూలో (బగ్ టికెట్‌లో) దాచిన ఆదేశాలను ఏజెంటు నిజమని పాటించి, ప్రైవేట్ రిపోజిటరీల సమాచారం బయటపెట్టగలదని భద్రతా పరిశోధకులు చేసి చూపించారు. బగ్ వివరణలో ఉన్నది సాక్ష్యమే తప్ప ఆజ్ఞ కాదని డాక్యుమెంటేషన్‌లో రాసి తీరాలి. అయితే దీన్ని ఆపడానికి రాత ఒక్కటే చాలదు. మొజిల్లా బగ్‌జిల్లాలో కొత్తవాళ్లు పెట్టిన బగ్ ‘అన్‌కన్ఫర్మ్‌డ్’గా మొదలవుతుంది. నిర్ధారించే హక్కు, ఇతరుల బగ్‌లను మార్చే హక్కు విడివిడిగా ఇస్తారు. మనుషుల కోసం కట్టిన ఆ గేటు ఏజెంట్లకూ పనికొస్తుంది. బగ్ నమోదు చేయనివ్వచ్చు, కామెంట్ రాయనివ్వచ్చు. ‘వెరిఫైడ్’ హక్కు మాత్రం, స్టెప్స్ నడిపి చూసిన మనిషి దగ్గరే ఉండాలి.