ఒక బెడ్‌రూమ్‌ను రెండు చేయాలంటే: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఇళ్ల లోపలి పనులు చేయిస్తుంటాను. ఏటా మే, జూన్ నెలల్లో నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఇది: "అన్నా, పిల్లలు పెద్దోళ్లయినారు. ఉండే బెడ్‌రూమ్‌నే రెండు చేయాల. అడుగుకి ఎంత పడతాది?" భవానీ నగర్‌లో పాత ఇల్లయినా, కరకంబాడి రోడ్డులో కొత్త ఫ్లాటయినా ముందు అడిగేది గోడ రేటే. నేను వెళ్లి ముందు టేపు పెట్టేది కిటికీకి. ఆ తర్వాత తలెత్తి ఫ్యాన్ హుక్కు చూస్తాను. గోడ సంగతి చివరికి.

అపోహ: నడిమధ్యన గోడ పెడితే చెరిసగం అయిపోతుంది.

నడిమధ్యన ఫ్యాన్ ఉంటుంది సామీ! చాక్‌పీసుతో నేల మీద గీత గీసి పైకి చూసేదాకా చాలామందికి ఇది తట్టదు.

ఫ్యాన్ సరే, కిటికీతో నేనే దెబ్బ తిన్నాను. పని మొదలుపెట్టిన కొత్తలో బైరాగిపట్టెడలో ఒక ఇల్లు. 12 అడుగులు, 14 అడుగుల గది. పొడుగు వైపు గోడకి మధ్యలో అయిదడుగుల స్లైడింగ్ కిటికీ. రెండు అద్దాలు కలిసే చోటికి సరిగ్గా తెచ్చి పార్టిషన్ ఆనించాను. సందులో సిలికాన్ పెట్టి, పుట్టీ లాగించి, వెలుతురు ఇద్దరికీ సమానంగా పంచానని మురిసిపోయాను. వారానికి ఆ ఇంటి అమ్మాయి ఫోన్ చేసింది. "అన్నా, మా కిటికీ తెరవాలంటే యాడికి జరపాల?" స్లైడింగ్ రెక్క జరగాలంటే పక్కన చోటుండాలి. ఆ చోటు ఇప్పుడు తమ్ముడి గదిలో ఉంది. ఇద్దరికీ వెలుతురు ఉంది, ఒక్కరికీ గాలి లేదు. నా చేతి డబ్బు పెట్టుకుని ఆ కిటికీ తీయించి, తలుపుల్లా తెరుచుకునే రెక్కలు పెట్టించాను. పాత ఇళ్లలో ఉండే మూడు నాలుగు రెక్కల చెక్క కిటికీలతో ఈ గోల లేదు. నిలువు చెక్క దగ్గర గోడ ఆపితే చాలు.

కొలతల మాట కూడా చెప్పాలి. భవనాల కొలతలకి దేశమంతా చూసుకునే పుస్తకం, 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఇంట్లో ఒక గది 9.5 చదరపు మీటర్లకు తగ్గకపోతే, రెండో గది 7.5 చదరపు మీటర్లు, 2.1 మీటర్ల వెడల్పు ఉన్నా చెల్లుతుంది. మన లెక్కలో సుమారు 81 చదరపు అడుగులు, 7 అడుగుల వెడల్పు. 14 అడుగుల గదిలో 4 అంగుళాల పార్టిషన్ పోతే ఒక్కో వైపు మిగిలేది 6 అడుగుల 10 అంగుళాలు. అంటే ఆ గది కూడా అంచు మీదే ఉంది. 10×12 గదిని రెండు చేయమంటే నేను ఒప్పుకోను. అంతస్తుల మంచం చేయించి, మధ్యలో పుస్తకాల అర నిలబెట్టమంటాను. బేరం పోయినా సరే.

ఫ్యాన్ విషయం: ఆ 6 అడుగుల 10 అంగుళాల గదిలో 48 అంగుళాల ఫ్యాన్ పెడితే రెక్క కొసకీ గోడకీ మధ్య అడుగున్నర కూడా మిగలదు. 36 అంగుళాలది చాలు. కొత్త హుక్కు స్లాబులోకి యాంకర్ ఫాస్టెనర్‌తో (రంధ్రంలో బిగుసుకునే బోల్టుతో) దిగాలి. ఫాల్స్ సీలింగ్ ఫ్రేముకి తగిలిస్తామనే వాళ్లను ఇంట్లోకి రానివ్వకండి.

అపోహ: ఇటుక గోడే గట్టిది, ఎక్కడైనా కట్టుకోవచ్చు.

గట్టిదే, కాదనను. మరి దాన్ని మోసేదెవరు? నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, రెండు వైపులా పూతతో, పది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు అయితే బరువు రెండున్నర టన్నుల దరిదాపు. మేడ మీద గదిలో ఆ గోడ కింద బీమ్ లేకపోతే భారమంతా స్లాబు మీదే. ఇళ్లలో గదులకి మనుషులు, సామాన్ల కోసం లెక్కలో పట్టుకునే భారం చదరపు మీటరుకి 200 కిలోలు. గోడ మీటరు పొడవుకే ఎనిమిది వందల కిలోలు తూగుతుంది. అదే కొలతకి జిప్సం పార్టిషన్, అంటే ఇనుప ఫ్రేముకి రెండు వైపులా జిప్సం బోర్డులు బిగించిన గోడ, మొత్తం పావు టన్ను లోపే. నేల అంతస్తులో అయితే చిన్న పునాది తీసి ఇటుకతో కట్టుకోండి. పైన అయితే ఇంజనీర్ చూసి సరేనన్నాకే.

అపోహ: జిప్సం గోడకి క్యాలెండర్ కూడా ఆగదు.

టీవీ, గీజర్, అల్మరా ఎక్కడొస్తాయో ముందే చెబితే, బోర్డు మూసేలోపు ఆ చోట లోపల ప్లైవుడ్ ముక్క బిగిస్తాం. ఇక వాటి బరువు ఆగుతుంది. మూసేశాక చెబితే నేనేం చేసేది?

అపోహ: లోపల థర్మాకోల్ పెడితే శబ్దం రాదు.

థర్మాకోల్ వేడిని కొంత ఆపుతుంది, మాటల్ని ఆపదు. శబ్దానికి రాక్ వూల్ కానీ గ్లాస్ వూల్ కానీ (రాతి, గాజు పీచుతో చేసిన దూది లాంటివి) నింపాలి. మా ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. కొండ మీద నైట్ డ్యూటీ చేసి వచ్చిన మనిషి పగలు నిద్రపోతాడు, పక్క గదిలో పిల్లాడు ఫోన్లో పాఠాలు పెట్టుకుంటాడు. ఎంత ఊలు కూరినా రెండు తప్పులు చేస్తే దండగే. ఒకటి, పార్టిషన్‌ను ఫాల్స్ సీలింగ్ దాకా తెచ్చి ఆపేయడం. అది అసలు స్లాబుకి తగలాలి. రెండోది, స్విచ్ బోర్డులు రెండు వైపులా ఒకే చోట, వెన్నుకి వెన్ను పెట్టడం. ఆ పెట్టెల్లోంచి గుసగుసలు కూడా వినిపిస్తాయి. ఒక పెట్టెను ఒక స్టడ్ (గోడ లోపలి నిలువు కమ్మీ) అవతలికి జరిపితే చాలు.

అపోహ: పైన అడుగు సందు వదిలితే ఒక ఏసీ ఇద్దరికీ సరిపోతుంది.

చల్లగాలి బరువు, కిందికి దిగుతుంది. పై సందులోంచి అవతలికి పోయేది తక్కువ. ఏసీ ఉన్న గది 24 డిగ్రీలకి రాగానే కంప్రెసర్ ఆగుతుంది, అవతలి గది ఉడుకుతూనే ఉంటుంది. పైగా శబ్దం మాత్రం ఆ సందులోంచి హాయిగా పోతుంది. రెండు చిన్న ఏసీలు పెట్టుకోండి, లేదా ఒక గదికి ఫ్యాన్‌తో సరిపెట్టుకోండి.

అపోహ: నీళ్లు తగిలితే జిప్సం మొత్తం పోతుంది.

సగం నిజం. 2021 నవంబరు వరదలో లోతట్టు కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు, నేలకి ఆనించి బిగించిన బోర్డులు అడుగున బిస్కెట్‌లా ఉబ్బాయి. పార్టికల్ బోర్డు వాటికంటే ఘోరం. అందుకే బోర్డును నేల నుంచి అర అంగుళం ఎత్తి బిగించి స్కర్టింగ్‌తో కప్పుతాను. బాత్రూమ్ వైపు అయితే సిమెంట్ బోర్డు వేస్తాను.

వాస్తు గురించి అడక్కండి, మీ సిద్ధాంతి గారు చెప్పిన చోటే తలుపు పెడతాను. కానీ తలుపు మాత్రం రెండు గదులకీ విడివిడిగా ఉండాలి.

అపోహ: అన్నాచెల్లెళ్లే కదా, ఒకరి గదిలోంచి ఇంకొకరు పోతారు.

ఆరు నెలలు పోతారు. ఆ తర్వాత అమ్మాయి గడియ పెట్టుకుంటుంది, అబ్బాయి హాల్లో పడుకుంటాడు. రాత్రి ముందు గదిలో పొగ కమ్ముకుంటే లోపలి గదిలో ఉన్నవాళ్లకి బయటికి దారుండదు, కిటికీకి గ్రిల్లు ఉంటుంది కదా. పాత తలుపు దగ్గర మూడడుగుల చదరం నడవాగా వదిలి, అక్కడి నుంచి రెండు తలుపులు తీయిస్తాను. ఎవరింట్లో అయినా ఆ తొమ్మిది చదరపు అడుగుల దగ్గరే పేచీ. "అంత జాగా ఉత్తినే పోతుందే" అంటారు. మొన్న ఎం.ఆర్.పల్లిలో ఒక పెద్దావిడ ఆ నడవా గోడకి అయిదు అరలు కొట్టించుకుని ఊరగాయ జాడీలు పెట్టుకున్నారు. ఇప్పుడు మనవలు ఇద్దరూ దాన్ని అవ్వ గది అంటున్నారు.