హైబ్రిడ్ బోధన: వివాదం కరోనాతో మొదలు కాలేదు

విశ్వవిద్యాలయాల్లో కొంత తరగతి గదిలో, కొంత ఆన్‌లైన్‌లో సాగే హైబ్రిడ్ బోధనపై తగవు రేగినప్పుడల్లా చర్చ 2020 మార్చి దగ్గరే మొదలవుతుంది. మూతపడిన తరగతి గదులు, ఫోన్లలో పాఠాలు అందరికీ తెలిసినవే. ఇప్పటి వివాదానికి వేరు మాత్రం అంతకు నాలుగేళ్ల ముందు, 2016 జులైలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) జారీ చేసిన నిబంధనల్లో ఉంది.

ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 20 శాతం వరకు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’లో చదివి, ఆ క్రెడిట్లను (కోర్సు పూర్తిచేస్తే లెక్కకు వచ్చే పాయింట్లను) డిగ్రీలో కలుపుకోవచ్చని ఆ నిబంధనలు చెప్పాయి. అందరూ ఆ అంకెనే గుర్తుపెట్టుకున్నారు. అసలు చదవవలసింది ఏయే సందర్భాల్లో అనుమతించవచ్చో చెప్పిన భాగం. విద్యార్థి కోరిన ఐచ్ఛిక కోర్సు తన సంస్థలో లేకపోవడం, ఆన్‌లైన్ పాఠం తరగతి బోధనకు తోడుగా ఉండటం అన్న రెండు కారణాలనూ ఎవరూ కాదనరు. వాటి సరసనే, విభాగంలో ఆ కోర్సు చెప్పడానికి తగిన అధ్యాపకులు లేకపోవడం కూడా ఒక కారణంగా చేరింది. అంటే అధ్యాపకుణ్ని నియమించకపోవడం సరిదిద్దుకోవలసిన లోపంగా కాక, ఆన్‌లైన్ కోర్సుకు అర్హతగా లెక్కకు వచ్చింది.

ఉస్మానియా సహా తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో మంజూరైన బోధన పోస్టుల్లో సగానికి పైగా ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయని తెలిసినవారికి ఆ ఒక్క వాక్యం ఎంత బరువైనదో వేరే చెప్పనక్కరలేదు. ఈ విశ్వవిద్యాలయాలన్నిటికీ ఒకే ఉమ్మడి బోర్డు ద్వారా నియామకాలు చేపట్టేందుకు 2022 సెప్టెంబరులో శాసనసభ ఆమోదించిన బిల్లు గవర్నర్ ఆమోదం దొరక్క ఆగిపోయింది. కంప్యూటర్లు, ప్రయోగశాలలు, గ్రంథాలయం వంటి సదుపాయాలను సంస్థే ఉచితంగా, తగినంతగా సమకూర్చాలన్న షరతు కూడా 2016 నిబంధనల్లోనే ఉంది. దాని ఊసెత్తేవారు తక్కువ.

2021 మార్చిలో ఆ 20 శాతం 40 అయింది. అదే ఏడాది మే నెలలో, కరోనా రెండో దశ ఊళ్లను కుదిపేస్తున్న వేళ, స్వయం కోర్సులు కాక మిగిలిన ప్రతి కోర్సులోనూ 40 శాతం వరకు ఆన్‌లైన్‌లో బోధించవచ్చంటూ యూజీసీ ముసాయిదా విడుదల చేసి, అభిప్రాయాలకు జూన్ 6 వరకు గడువు ఇచ్చింది. జాతీయ విద్యా విధానానికి అనుగుణంగా విద్యార్థికి వెసులుబాటు కల్పించడమే ఉద్దేశమని యూజీసీ వాదన. ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపక సంఘం దాన్ని వ్యతిరేకించింది. బోధన గంటలు తెరపైకి మారితే పనిభారం లెక్కలు తగ్గుతాయని, వాటిని అనుసరించి పోస్టులూ తగ్గుతాయని అధ్యాపకుల భయం. 2016 నాటి కారణాన్ని దీని పక్కన పెట్టి చదివితే ఆ భయం నిరాధారమని అనలేము.

విద్యార్థుల వైపు సంగతి అంతకంటే స్పష్టం. 2020లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సుమారు 2,500 మంది విద్యార్థులతో జరిపిన సర్వేలో దాదాపు 90 శాతం మందికి మొబైల్ ఉన్నా, ఆన్‌లైన్ తరగతులకు హాజరుకాగలమన్నవారు 37 శాతమే. ఇక గదిలో కొందరు, తెరపై కొందరు కలిసి వినే తరగతి ఎలా నడుస్తుందో ఒక్కసారి వెనక బెంచీలో కూర్చుని చూడాలి. అధ్యాపకుడు బోర్డు వైపు తిరగగానే మాట మైకుకు అందదు. కెమెరాలో బోర్డు మీది అక్షరాలు సరిగా కనిపించవు. ముందు బెంచీ విద్యార్థి అడిగిన సందేహం ఊళ్లో డాబా మీద ఫోన్ పట్టుకుని కూర్చున్నవాడికి వినిపించదు. ‘వినిపిస్తోందా’ అని పదే పదే అడుగుతూనే పది నిమిషాలు గడుస్తాయి.

2024 నవంబరులో కాలుష్యం తీవ్రమై ఢిల్లీ విశ్వవిద్యాలయం, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం (జేఎన్‌యూ) కొద్దిరోజులు తరగతులను ఆన్‌లైన్‌కు మార్చాయి. ఇప్పుడు హైబ్రిడ్‌ను సమర్థించేవారు దాన్నే ఉదాహరణగా చూపవచ్చు. గాలి కాస్త తేరుకోగానే ఆ తరగతులు గదుల్లోకి తిరిగి వచ్చాయి. అధ్యాపకుడు లేడన్న కారణంతో తెరపైకి వెళ్లిన కోర్సు అలా తిరిగి రావాలంటే ముందు నియామక ప్రకటన వెలువడాలి.